అమెరికాలో హంటింగ్: లైసెన్స్, ఎవరి భూమి, రాంచర్లతో గొడవలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు చివర నుంచి నవంబర్ దాకా ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నా. ఎక్కువగా టెక్సాస్, కొలరాడో, వయోమింగ్, మోంటానా గురించే రాశా ఎందుకంటే మనవాళ్ళు అడిగేది వీటి గురించే. రూల్స్ ఏటా మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఆ ఏడాదికి ఇచ్చిన రెగ్యులేషన్ బుక్ తప్పకుండా చూడండి.

## మొదలుపెట్టే ముందు: వీసా, లైసెన్స్, ట్యాగ్

నేను హెచ్1బి మీద ఉన్నా, అసలు తుపాకి ముట్టుకోవచ్చా?

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1 అందరూ, తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కానీ అదే చట్టంలో మినహాయింపు ఉంది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే పెట్టుకోవచ్చు, కొనుక్కోవచ్చు కూడా. షాపులో 4473 అనే ఫారం నింపేటప్పుడు ఆ లైసెన్స్ చూపించాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతేంటంటే లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు మీ అల్మారాలో ఉన్న అదే తుపాకి నేరం అయిపోతుంది, సీజన్ అయిపోయింది కదా అని రెన్యూ చేయకుండా వదిలేయొద్దు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఫెడరల్‌గా ఈ అడ్డు లేదు. ఇమిగ్రేషన్ స్టేటస్ పోయినవాళ్ళకి ఏ లైసెన్సూ పనిచేయదు. కొన్ని రాష్ట్రాలు వీటి మీద సొంత నిబంధనలు కూడా పెడతాయి, అవి విడిగా చూసుకోవాలి.

టెక్సాస్‌లో అడవి పందులకి లైసెన్స్ అక్కర్లేదంట కదా?

నిజమే, 2019 నుంచి ప్రైవేట్ భూమిలో ఓనర్ ఒప్పుకుంటే ఫెరల్ హాగ్స్‌ని లైసెన్స్ లేకుండా కొట్టొచ్చు. అయితే అది రాష్ట్రం రూలు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో తుపాకి పట్టుకునే హక్కు వచ్చేదే హంటింగ్ లైసెన్స్ వల్ల, కాబట్టి పంది కోసం లైసెన్స్ అక్కర్లేకపోయినా మీ చేతిలో తుపాకి కోసం కావాలి. టెక్సాస్ రెసిడెంట్‌కి మామూలు లైసెన్స్ 25 డాలర్లు, ఆ పాతిక దగ్గర లెక్క చూసుకుని జీవితాన్ని రిస్క్‌లో పెట్టుకోవద్దు, దయచేసి.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు, వాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

చూడ్డానికి వస్తే ఏ ఇబ్బందీ లేదు. నాన్న చేతికి రైఫిల్ ఇచ్చి ఫోటో తీయడం, రేంజ్‌లో ఒక్క షాట్ కొట్టించడం మాత్రం వద్దు, ఆయనకంటూ సొంత హంటింగ్ లైసెన్స్ లేకపోతే అది ఆయనకీ నేరమే, ఇచ్చినందుకు మీకూ ఇబ్బందే.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పెద్దవాళ్ళకి కూడా తప్పదా?

ఏ సంవత్సరంలో పుట్టారన్నదాని మీద ఉంటుంది. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి, వయోమింగ్‌లో 1966 జనవరి 1 నుంచి, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి, మోంటానాలో 1985 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళకి తప్పనిసరి. ఒక రాష్ట్రంలో పాసైతే ఆ సర్టిఫికెట్ మిగతా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. పెద్దవాళ్ళకి చాలాచోట్ల ఆన్‌లైన్‌లో అయిపోతుంది, కానీ వీలుంటే మనిషి ఎదురుగా చెప్పే క్లాస్‌కే వెళ్ళండి, తుపాకి మూతి ఎటు ఉండాలి అనేది స్క్రీన్ మీద చూసి వచ్చే అలవాటు కాదు.

లైసెన్స్ కొన్నా కదా, మళ్ళీ ట్యాగ్ ఏంటి, డ్రా ఏంటి?

లైసెన్స్ అంటే వేటాడే అర్హత, ట్యాగ్ అంటే ఫలానా జంతువు ఒకటి, ఫలానా ఏరియాలో, ఫలానా తేదీల్లో. ఎల్క్ (పెద్ద జింక జాతి), మ్యూల్ డీర్ (ఇంకో రకం జింక) లాంటివాటికి చాలా ఏరియాల్లో లాటరీ ఉంటుంది, దాన్నే డ్రా అంటారు. కొలరాడో, మోంటానా దరఖాస్తులు ఏప్రిల్ మొదట్లోనే మూసేస్తారు, వయోమింగ్‌లో బయటి రాష్ట్రంవాళ్ళ ఎల్క్ దరఖాస్తు అంతకన్నా ముందే అయిపోతుంది. అక్టోబర్‌లో వేటకి ఏప్రిల్‌లో నిద్ర లేవాలన్నమాట. మోంటానాలో అక్కడ ఉండేవాళ్ళకి ఎల్క్ లైసెన్స్ 20 డాలర్లు, బయటివాళ్ళకి బిగ్ గేమ్ (ఎల్క్, జింక లాంటి పెద్ద జంతువులు) కాంబినేషన్ లైసెన్స్ వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇంకోటి, వయోమింగ్‌లో ప్రభుత్వం వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో బయటి రాష్ట్రంవాళ్ళు గైడ్ లేకుండా బిగ్ గేమ్ వేటాడకూడదు, ఈ సంగతి ట్యాగ్ వచ్చాక తెలుసుకుని తలపట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

## భూమి ఎవరిది, ఎక్కడ అడుగు పెట్టొచ్చు

జంతువులు ప్రజలందరివీ అంటారు, మరి రాంచర్ (పెద్ద భూమిలో పశువులు పెంచే రైతు) పర్మిషన్ ఎందుకు?

అసలు గొడవంతా పుట్టేది ఇక్కడే. ఇక్కడి చట్టంలో అడవి జంతువు ఏ భూమి యజమానిదీ కాదు, ప్రజల తరఫున రాష్ట్రం చూసుకుంటుంది, ఎప్పుడు ఎన్ని కొట్టాలో రాష్ట్రమే చెప్తుంది. కానీ ఆ జంతువు నిలబడ్డ నేల మాత్రం ఒకరి సొంతం. రాంచర్ ఎల్క్‌ని అమ్ముకోలేడు, కానీ ఎల్క్ దాకా వెళ్ళే దారిని అమ్ముకోగలడు. మీ దగ్గర ట్యాగ్ ఉన్నంత మాత్రాన ఆయన భూమిలో కాలు పెట్టే హక్కు రాదు.

ఫెన్స్ లేదు, బోర్డు లేదు, వెళ్ళిపోవచ్చా?

వద్దు. మోంటానా, వయోమింగ్, కొలరాడోల్లో బోర్డు ఉన్నా లేకపోయినా ప్రైవేట్ భూమిలో వేటకి అనుమతి ముందే తీసుకోవాలి. వయోమింగ్‌లో అయితే లైసెన్స్ మీద ఓనర్ సంతకం గానీ వేరే సరైన రుజువు గానీ ఉండాలి. టెక్సాస్‌లో చెట్ల మీద, స్తంభాల మీద ఊదా రంగు గీతలు కనిపిస్తే అది ‘లోపలికి రావద్దు’ అనే బోర్డుతో సమానం, 1997 నుంచి చట్టమే. నిలువుగా కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటాయి. మోంటానాలో అదే పనికి ఆరెంజ్ పెయింట్ వాడతారు. మన ఊళ్ళో ఎవరి పొలం గట్టు మీద నుంచైనా నడిచి వెళ్ళిపోయే అలవాటు మనకి రక్తంలో ఉంది, ఆ అలవాటు ఇక్కడ పక్కన పెట్టాలి.

బిఎల్ఎం (ఫెడరల్ భూముల్ని చూసుకునే శాఖ) భూమి అని మ్యాప్‌లో ఉంది కానీ అక్కడ రాంచర్ ఆవులు మేస్తున్నాయి, అంటే అది ఆయనదేనా?

కాదు. అది ఫెడరల్ భూమి, ఆయనకున్నది మేత పర్మిట్ మాత్రమే. 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం నుంచి ఈ పద్ధతి నడుస్తోంది, ఒక ఆవూ దూడా నెల రోజులు మేస్తే కట్టే ఫీజు 2025లో 1.35 డాలర్లు. మేత హక్కు ఉన్నంత మాత్రాన జనాన్ని బయటికి పంపే హక్కు రాదు. అలాగని ఆవుల మధ్యలో నుంచి బండి తోలుకుంటూ పోవడం, నీళ్ళ తొట్టి పక్కనే టెంట్ వేసి ఆవుల్ని నీళ్ళకి రానివ్వకపోవడం మర్యాద కాదు. తొట్టికి దూరంగా ఉండండి.

స్టేట్ ట్రస్ట్ ల్యాండ్ కూడా పబ్లిక్ ల్యాండేగా?

రాష్ట్రాన్ని బట్టి. ఆ భూములు స్కూళ్ళకి ఆదాయం తేవడానికి పెట్టినవి. మోంటానాలో, వయోమింగ్‌లో చట్టబద్ధమైన దారి ఉంటే చాలావాటిలో వేటాడొచ్చు, వయోమింగ్‌లో సాగులో ఉన్న చేను అయితే కుదరదు, రాత్రి బస, మంటలు కూడా కుదరవు. కొలరాడోలో మాత్రం మామూలుగా మూసే ఉంటాయి, వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ లీజుకి తీసుకుని తెరిచినవాటిలోకి మాత్రమే వెళ్ళాలి. యాప్‌లో ఒకే రంగు కనిపించిందని ఒకే రూలు అనుకోవద్దు.

మ్యాప్‌లో పబ్లిక్ ల్యాండ్ ఉంది, కానీ చుట్టూ ప్రైవేటే, దారే లేదు. ఇదేం అన్యాయం?

దీన్ని ల్యాండ్‌లాక్డ్ అంటారు. మ్యాప్ యాప్ కంపెనీ ఆన్‌ఎక్స్, ఒక హంటర్ల సంస్థ కలిసి 2018లో లెక్కేస్తే పశ్చిమ రాష్ట్రాల్లో సుమారు 95 లక్షల ఎకరాల ఫెడరల్ భూమికి చట్టబద్ధమైన దారి లేదని తేలింది. దీని మూలం రైలు మార్గాల్లో ఉంది. 1860ల్లో రైలు వేసే కంపెనీలకి లైన్‌కి రెండు పక్కలా మైలు మైలు చదరాలు ఒకటి విడిచి ఒకటి ఇచ్చారు, మిగతావి ప్రభుత్వం ఉంచుకుంది. రైలు కంపెనీలవి తర్వాత రాంచర్లు కొన్నారు. దాంతో చదరంగం బల్లలా నల్ల గడులు ఒకరివి, తెల్ల గడులు ప్రజలవి. తెల్ల గడి నుంచి ఇంకో తెల్ల గడికి వెళ్ళాలంటే మూల దగ్గర తప్ప ఎక్కడా కలవవు. మీ కోపం న్యాయమైనదే, కానీ దానికి ఇప్పుడున్న రాంచర్ ఒక్కడే కారణం కాదు.

ఆ మూల దగ్గర దాటడం లీగలా కాదా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

రాష్ట్రాన్ని బట్టి జవాబు మారుతుంది కాబట్టే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. కేసు గురించి కొంచెం వివరంగా రాస్తా. వయోమింగ్ కార్బన్ కౌంటీలో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన హంటర్లు 2020లో, 2021లో ఇలా మూలలు దాటారు. రాంచ్ తరఫువాళ్ళు మూల దగ్గర రెండు స్తంభాలు పాతి గొలుసు కట్టారు. మొదటిసారి హంటర్లు ఆ స్తంభాలు పట్టుకుని చుట్టూ తిరిగి దాటారు, మర్నాటి ఏడాది ఇనుప నిచ్చెన చేయించుకుని వచ్చి దాని మీదుగా ఎక్కి దిగారు, ప్రైవేట్ నేలకి కాలు తగలకుండా. క్రిమినల్ ట్రెస్‌పాస్ (అనుమతి లేకుండా ఒకరి భూమిలోకి వెళ్ళడం) కేసు పెడితే 2022లో జ్యూరీ నలుగురినీ నిర్దోషులని వదిలేసింది. రాంచ్ ఓనర్, నార్త్ కరోలైనాకి చెందిన ఫార్మా వ్యాపారవేత్త, సివిల్ కేసు కూడా వేశాడు, తన ఆస్తి విలువ 70 లక్షల డాలర్లకి పైగా పడిపోయిందన్నాడు. 2023లో ఫెడరల్ జడ్జి ప్రధానంగా హంటర్ల పక్షాన తీర్పు ఇచ్చాడు, 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని ఖాయం చేసింది, అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీం కోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. అప్పీల్ కోర్టు ఆధారం 1885 నాటి చట్టం, అప్పట్లో పెద్ద పెద్ద పశువుల యజమానులు ప్రజల భూమిని కంచెలతో మూసేస్తుంటే ఆపడానికి చేసింది.

కాబట్టి టెన్త్ సర్క్యూట్ కిందికొచ్చే వయోమింగ్, కొలరాడో, న్యూ మెక్సికో, యూటా, కాన్సస్, ఓక్లహోమాల్లో ఆ తీర్పు వర్తిస్తుంది. అదైనా నడిచి, పబ్లిక్ గడి నుంచి పబ్లిక్ గడికి, ప్రైవేట్ నేలని తాకకుండా, కంచె పాడు చేయకుండా దాటితేనే. బండి మీద దాటడానికి ఇది లైసెన్స్ కాదు. ఫోన్‌లో జీపీఎస్ కొన్ని అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది, సర్వే మార్కర్ (మూల దగ్గర పాతిన హద్దు గుర్తు) కళ్ళతో చూశాకే దాటండి, అది కనిపించకపోతే వెనక్కి తిరగండి.

మోంటానాలో కూడా అదే తీర్పు చెల్లుతుందా?

లేదు. మోంటానా నైన్త్ సర్క్యూట్ కిందికి వస్తుంది, ఆ తీర్పు అక్కడ కోర్టులని కట్టిపడేయదు. అక్కడి వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ మూల దాటడం చట్టవిరుద్ధమనే చెప్తోంది. ప్రజల భూమికి ప్రజలు వెళ్ళగలగాలి అనేదే నా అభిప్రాయం, అక్కడ కూడా మారాలని గట్టిగా కోరుకుంటున్నా, కానీ వీసా మీద ఉన్న మనం టెస్ట్ కేసు కావాల్సిన పని లేదు.

టెక్సాస్‌లో పబ్లిక్ ల్యాండే దొరకట్లేదు, ఏం చేయాలి?

రాష్ట్రంలో దాదాపు 95 శాతం ప్రైవేట్ భూమే. అందుకే అక్కడ లీజు పద్ధతి, ఏడాదికి ఎకరానికి ఇంత అని కట్టి కొంతమంది కలిసి తీసుకుంటారు. కొత్తవాళ్ళకి రాష్ట్రం ఇచ్చే వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్ మంచిది, 48 డాలర్లకి చాలా చోట్లకి వెళ్ళొచ్చు. లీజుకి డబ్బు పెట్టే ముందు అగ్రిమెంట్ రాతలో ఉందా, అవతలి మనిషి నిజంగా ఓనరా లేక ఆయనే లీజుదారుడా అడగండి.

## రాంచర్‌ని అడగడం

పర్మిషన్ ఎలా అడగాలి? ఫోన్ చేస్తే పెట్టేస్తున్నారు.

సీజన్‌కి ముందు, ఎండాకాలంలోనే, పగటిపూట స్వయంగా వెళ్ళండి. ఓపెనింగ్ డే తెల్లవారుజామున ఆరెంజ్ చొక్కా వేసుకుని తలుపు కొడితే ఎవరూ ఒప్పుకోరు. దూడలకి ముద్రలేసే రోజుల్లో, గడ్డి కోసే రోజుల్లో మనిషి పనిలో ఉంటాడు, రెండు ముక్కల్లో చెప్పి నంబర్ ఇచ్చి వచ్చేయండి. ఎంతమంది వస్తారు, ఏ బండి, ఏ తేదీలు, ఏ జంతువు ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. ఆడ ఎల్క్ గానీ ఆడ జింక గానీ చాలు అనండి, పెద్ద కొమ్ములే కావాలనేవాళ్ళకన్నా వీళ్ళకి తలుపు తొందరగా తెరుచుకుంటుంది ఎందుకంటే మంద తగ్గాలంటే తగ్గాల్సింది ఆడవే. ‘నో’ అంటే థాంక్యూ సర్ అని వచ్చేయాలి, కారణం అడగకూడదు. ఇద్దరికి పర్మిషన్ ఇస్తే ఐదుగురు వెళ్ళడం మన గ్యాంగుల్లో ఉన్న జబ్బు, దాంతో తర్వాత వచ్చే వాళ్ళందరికీ తలుపు మూసుకుంటుంది.

మన రంగు, యాస చూసి భయపడతారేమో అని నాకే భయంగా ఉంది.

ఈ భయం అర్థం చేసుకోదగ్గదే, తేలిగ్గా తీసేయను. తుపాకి బండిలో కూడా కనబడకుండా పెట్టి, ఉత్త చేతులతో, వీలైతే భార్యాపిల్లలతో వెళ్ళండి. మీ నాన్నకో తాతకో పశువులుంటే ఆ మాట చెప్పండి, గేదెలు, పాలు, వానల్లేని ఏడాది మేత కరువు, ఈ కబుర్లకి యాస అడ్డు రాదు. ఎక్కడైనా మనసుకి తేడాగా అనిపిస్తే మాత్రం బండి దిగకుండా వెనక్కి తిప్పేయండి, వేట కన్నా ప్రాణం ముఖ్యం.

బ్లాక్ మేనేజ్‌మెంట్, వాక్ ఇన్ ఏరియా అంటే ఏంటి?

రాంచర్‌ని హంటర్‌ని కలపడానికి రాష్ట్రాలు పెట్టిన పథకాలు ఇవి. మోంటానా బ్లాక్ మేనేజ్‌మెంట్‌లో సుమారు 70 లక్షల ఎకరాలు ఉంటాయి, హంటర్ రూపాయి కట్టక్కర్లేదు, వచ్చిన హంటర్ల తాకిడిని బట్టి రాష్ట్రమే రాంచర్‌కి ఇస్తుంది, ఆ డబ్బులో ఎక్కువ భాగం లైసెన్సుల నుంచే. వయోమింగ్‌లో యాక్సెస్ యెస్ కింద వాక్ ఇన్ ఏరియాలు ఉన్నాయి. కొన్నిచోట్ల పెట్టెలో చీటీ వేసి వెళ్తే చాలు, కొన్నిచోట్ల ముందే బుక్ చేయాలి. చీటీ వేయడం మర్చిపోవద్దు, ఆ చీటీల లెక్కతోనే ఆయన చెక్కు వస్తుంది.

రాంచర్లకి హంటర్లంటే అంత కోపం ఎందుకు?

ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. తెరిచి వదిలేసిన ఒక్క గేటు వల్ల ఎద్దులు ఆవుల్లో కలిసిపోతే వచ్చే ఏడాది దూడలు పుట్టాల్సిన టైం మొత్తం తారుమారు, అది సరిచేయడానికి రోజులు పడుతుంది. తడి నేల మీద ట్రక్కు తోలితే పడ్డ చక్రాల గాడులు ఏళ్ళ తరబడి ఉంటాయి, వానొస్తే అవే కాలవలు. ఎండిన గడ్డిలో వేడి సైలెన్సర్ చాలు నిప్పు అంటుకోవడానికి. టైర్లకి అంటుకుని వచ్చే కలుపు విత్తనాలు మేతని తినేస్తాయి. చలికాలంలో ఎల్క్ మందలు దిగి ఆవుల కోసం దాచుకున్న గడ్డివాములు ఖాళీ చేస్తాయి, ఎల్లోస్టోన్ చుట్టుపక్కల అయితే ఎల్క్ నుంచి బ్రూసెలోసిస్ అనే అంటురోగం ఆవులకి అంటుకుంటుంది, ఒక్క ఆవుకి తేలినా మందంతా క్వారంటైన్. ప్రజల జంతువుల్ని సొంత గడ్డితో మేపుతున్నది ఆయన, ఆ తర్వాత ప్రజలే వచ్చి ఆయన కంచె తెంపితే కోపం రాదా?

మరి హంటర్ల కోపం తప్పా?

తప్పు కాదు. రాష్ట్రాల మధ్య తేడాలున్నా అసలు బాధ ఒకటే. తరతరాలుగా అడిగితే ఒప్పుకున్న రాంచ్‌లు బయటి నుంచి వచ్చిన కోటీశ్వరులు కొనేస్తున్నారు, లేదంటే అవుట్‌ఫిట్టర్లు (డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్ళేవాళ్ళు) లీజుకి తీసుకుని డబ్బున్నవాళ్ళకే తెరుస్తున్నారు. తుపాకి చప్పుడు మొదలవగానే ఎల్క్ పబ్లిక్ భూమి వదిలి వేట లేని రాంచ్‌లోకి వెళ్ళి కూర్చుంటాయి, పక్కన పబ్లిక్ భూమిలో ఉన్నవాళ్ళు బైనాక్యులర్లో చూస్తూ ఉండాలి. మోంటానాలో ఒక మంచి షరతు ఉంది, జంతువులు పంట పాడు చేస్తున్నాయి సాయం చేయండి అని రాంచర్ రాష్ట్రాన్ని అడగాలంటే ఆయన భూమిలో జనాన్ని కూడా వేటకి రానిస్తూ ఉండాలి. వేట రానివ్వను, నష్టం మాత్రం మీరు చూసుకోండి అంటే కుదరదు. నాకైతే ఇది సరైన పద్ధతి అనిపిస్తుంది.

## వేట రోజు

గేటు దగ్గర ఏం చేయాలి?

ఎలా ఉంటే అలాగే వదలండి. మూసుంటే మళ్ళీ మూయాలి, తెరిచుంటే తెరిచే ఉంచాలి, ఎందుకంటే ఆవులు నీళ్ళకి పోవడానికి ఆయనే తెరిచి పెట్టి ఉండొచ్చు.

నేను కొట్టిన జింక కంచె దాటి పక్కవాళ్ళ భూమిలో పడింది, తెచ్చుకోవచ్చా?

అడగకుండా వెళ్ళకూడదు. టెక్సాస్, మోంటానా, వయోమింగ్, కొలరాడో ఎక్కడైనా ట్యాగ్ మీదే అయినా ఆ భూమిలోకి ఓనర్ అనుమతి కావాలి. ఫోన్ చేయండి, దొరక్కపోతే గేమ్ వార్డెన్‌కి (వేట రూల్స్ అమలు చేసే అధికారి) ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వాళ్ళు ఓనర్‌తో మాట్లాడిపెడతారు. చాలామంది రాంచర్లు ఒప్పుకుంటారు కూడా, జంతువు ఊరికే కుళ్ళిపోవడం వాళ్ళకీ ఇష్టం ఉండదు. ముందు జాగ్రత్త ఏంటంటే కంచెకి దగ్గర్లో షాటే కొట్టకపోవడం.

రోడ్డు మీద నుంచి కొట్టొచ్చా? ఆరెంజ్ ఎంత వేసుకోవాలి?

పబ్లిక్ రోడ్డు మీద నుంచి, రోడ్డు మీదుగా కాల్చొద్దు. ఆరెంజ్ కొలరాడో రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాలు, తల మీద కూడా ఉండాలి, మోంటానాలో నడుము పైన 400. కొలరాడో, వయోమింగ్‌లలో ఫ్లోరసెంట్ పింక్ కూడా చెల్లుతుంది.

## గొడవ వస్తే

నేను పబ్లిక్ ల్యాండ్‌లోనే ఉన్నా, రాంచర్ వచ్చి వెళ్ళిపో అంటున్నాడు.

ముందు తుపాకి ఖాళీ చేసి భుజానికి తగిలించండి లేదా కింద పెట్టండి, చేతులు కనిపించేలా ఉంచండి. మ్యాప్ చూపించి మెల్లగా చెప్పండి. వినకపోతే వాదించకుండా దూరం జరిగి లొకేషన్ స్క్రీన్‌షాట్ తీసి గేమ్ వార్డెన్‌కి ఫోన్ చేయండి. చట్టబద్ధంగా వేటాడేవాళ్ళని కావాలని అడ్డుకోవడం అన్ని రాష్ట్రాల్లోనూ నేరమే, కానీ దాన్ని తేల్చేది అధికారి, అక్కడ తుపాకులు పట్టుకుని నిలబడ్డ మీరిద్దరూ కాదు.

ట్రెస్‌పాస్ టికెట్ వస్తే గ్రీన్ కార్డ్‌కి ఇబ్బందా?

ఫైన్ కట్టేసి మర్చిపోదాం అనుకోవద్దు, ఆ ఫైన్ కట్టడమే తప్పు ఒప్పుకోవడం అవ్వొచ్చు. వీసా ఫారం డిఎస్160లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు, సిటిజన్‌షిప్ ఫారంలోనూ ఇలాంటివే ఉంటాయి. కట్టే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఒక ఒప్పందంలో ఉన్నాయి, ఒకచోట హంటింగ్ హక్కులు రద్దయితే మిగతాచోట్ల కూడా పోతాయి. వీసా మీద ఉన్నవాళ్ళకి లైసెన్స్ పోవడమంటే తుపాకి పెట్టుకునే హక్కు కూడా పోవడమే.

## తర్వాత

మాంసం ఫ్రెండ్స్‌కి అమ్మొచ్చా? తినడానికి సేఫేనా?

అమ్మకూడదు, పాట్‌లక్ ఖర్చులకి అని డబ్బు తీసుకున్నా ప్రమాదమే. ఊరికే పంచుకోవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో ఎవరు ఎవరికిచ్చారో చీటీ రాయాలి. జింకల్లో, ఎల్క్‌లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు వ్యాపించింది, అది ఉన్న ఏరియాల్లో కొడితే టెస్ట్ చేయించి రిజల్ట్ వచ్చాకే కూర వండండి, పాజిటివ్ అయితే తినొద్దు. తల, వెన్నెముకతో రాష్ట్రం దాటించడానికి కూడా ఆంక్షలున్నాయి. తినదగ్గ మాంసం అక్కడే పారేసి కొమ్ములు మాత్రం పట్టుకెళ్ళడం నేరం. ప్యాక్ చేయించాక రాంచర్‌కి ఇష్టమైతే ఒక భాగం ఇచ్చి రండి, తెంపిన తీగ ఏదైనా కనిపించి ఉంటే అది కూడా చెప్పండి, మీరు తెంపింది కాకపోయినా సరే.

హంటింగ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌తో ఇండియా వెళ్తున్నా, పర్వాలేదా?

వేరే బ్యాగ్ తీసుకోండి. మూలన ఒక్క తూటా మిగిలిపోయినా హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మర్చిపోయా అన్న మాట పోలీస్ స్టేషన్‌లో చెప్పుకోవాల్సి వస్తుంది. జాకెట్ జేబులు, పిల్లల స్కూల్ బ్యాగ్‌గా మార్చిన పాత బ్యాగ్, బైనాక్యులర్ పౌచ్ అన్నీ తిరగేసి దులపండి. కొమ్ములు, చర్మం గుర్తుగా ఊరికి పట్టుకెళ్ళే ఆలోచన కూడా వద్దు.